హిమసీమలో ఒక ఇల్లు

తెలుగు భాషలో ‘మంచు’ అను మాట పలు వస్తువులకు చెల్లుచున్నది. పుష్యమాసమున వేకువజామున పొలములను కప్పుకొను తెల్లని తెర మంచు. గడ్డిపరకల కొనలయందు మెఱయు నీటిబొట్లు మంచు. హిమాలయ శిఖరములపై ఎన్నడును కరుగక నిలిచియుండునదియు మంచే. ప్రొద్దెక్కునప్పటికి తొలగిపోవు మంచును మాత్రమే ఎఱిగినవారికి, మంచు ఒక ఇంటిని కూల్చగలదనిన నమ్మశక్యము కాదు. కాని దూదిపింజలవలె చప్పుడు లేక రాలు ఆ మంచే వాకిళ్లను మూసి, కిటికీలను కప్పి, దూలములను విఱుచు దేశములు కలవు. అట్టి సీమలలో జపాను దేశపు పడమటి తీరము ఒకటి.

జపాను దీవులలో మిక్కిలి పెద్దది హోన్షూ. ఆ దీవి నడుమ పర్వతశ్రేణులు వెన్నెముకవలె సాగియున్నవి. పర్వతములకు తూర్పుగా టోక్యో నగరము కలదు. శీతకాలమున అచట ఆకసము తరచుగా నిర్మలముగ నుండి ఎండ కాయుచుండును. పర్వతములకు పడమట నీగాటా మండలము కలదు. పూర్వము దీనిని ఎచిగో అని పిలిచెడివారు. టోక్యోలో ఎండ కాయుచున్న దినముననే ఇచటి పల్లెలలో ఇండ్ల చూరులు మునుగునంతగా మంచు కురియుచుండును. ఒక కొండకు ఇరుప్రక్కల ఇంత భేదమెట్లు కలిగినది?

శీతకాలమున సైబీరియా భూముల నుండి అతిశీతలమైన పొడిగాలి వీచును. ఆ గాలి జపాను చేరుటకు నడుమనున్న సముద్రమును దాటవలెను. ఆ సముద్రమున దక్షిణము నుండి వచ్చు వెచ్చని ప్రవాహము ఒకటి పారుచున్నది. దానికి త్సుషిమా ప్రవాహమని పేరు. పొడిగాలి ఆ వెచ్చని నీటిపై సాగుచు ఆవిరిని గ్రహించి మేఘములను కట్టును. మేఘములు తీరమును చేరి పర్వతముల నెక్కునపుడు చల్లబడి, తమ భారమును పడమటి వాలులపై మంచుగా దింపివేయును. కొండల నావలికి దిగునది మరల పొడిగాలియే. ఈ కారణముచేతనే, ధ్రువమునకు దూరముగ, సుమారు 37వ ఉత్తర అక్షాంశమున, అనగా గ్రీసు దేశముతో ఇంచుమించు సమానమైన చోట నున్నను, ఈ సీమ లోకములో మిక్కిలి మంచు కురియు జనావాసములలో ఒకటియైనది. 1945వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన సముద్రతీరమునకు సమీపముననున్న తకడా పట్టణమున నేలపై మంచు 377 సెంటీమీటర్ల ఎత్తు నిలిచెను. ఒక మనుష్యుని భుజములపై మఱియొకడు నిలిచినను పైవాని తలకూడ ఆ మంచులో మునిగిపోవును.

మంచు చూచుటకు తేలికగా కనబడును. అప్పుడే రాలిన మంచు నిజముగ తేలికయే. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు గల క్రొత్తమంచు 50 నుండి 100 కిలోగ్రాముల వఱకు తూగును. కాని దినములు గడచిన కొలది పైమంచు క్రిందిమంచును అదుమును. నడుమనున్న గాలి వెడలిపోవును. అట్లు దిగబడిన మంచు అదే కొలతకు 300 కిలోగ్రాములు, అంతకు మించి తూగుటయు కలదు. 100 చదరపు మీటర్ల పైకప్పుపై అట్టి మంచు ఒక్క మీటరు ఎత్తు నిలిచినచో ఆ యింటిపై 30 టన్నుల బరువున్నట్లే. అనగా క్వింటాలు తూగు ధాన్యపు బస్తాలను మూడు వందలు ఇంటి కప్పుపై పేర్చినట్లు. ఇంటివారు నిద్రించుచుండగనే, ఏ చప్పుడును లేక, ఆ బస్తాలు ఒక్కొక్కటిగ పైకెక్కుచుండును.

ఈ సీమవారి కష్టమును విపులముగ గ్రంథస్థము చేసిన వారిలో సుజుకీ బొకుషీ ప్రసిద్ధుడు. అతడు 1770వ సంవత్సరమున ఎచిగోలోని షియొజావా గ్రామమున జన్మించిన నారబట్టల వర్తకుడు. వర్తకమునకై నేటి టోక్యోయగు ఎడో నగరమునకు పోయినపుడు, అచటివారికి తన ఊరి మంచును గూర్చి ఏమియు తెలియకుండుట చూచి అతడు విస్మయము చెందెను. తాను చూచిన దానిని వ్రాసి, ఆ వ్రాతను అచ్చు వేయించుటకు సుమారు నలుబది సంవత్సరములు పాటుపడెను. తుదకు 1837లో అది ‘హొకుయెత్సు సెప్పు’ అను పేర వెలువడి ఎడో నగరవాసుల ఆదరము పొందెను. అందులో అతడు ఒక మాటను వివరించెను. వెచ్చని ప్రదేశములవారు మంచును ఊడ్తురు. అతని ఊరివారు మంచును త్రవ్వుదురు. నేలను త్రవ్వినట్లే త్రవ్వవలసియుండుటచేత ఆ పనికి ‘మంచు త్రవ్వుట’ అనియే పేరు కలిగినది. త్రవ్వక విడిచినచో వాకిలి మూసికొనిపోవును. ఎంత దృఢమైన యిల్లైనను భారమునకు నలిగిపోవును. త్రవ్వుటకు బీచి చెట్టు కఱ్ఱతో చేసిన వెడల్పైన పారను వాడెదరు. అది తేలికగ నుండును, సులభముగ విఱుగదు. దానిని అచటివారు ‘కొసుకి’ అందురు.

మంచు పడుటకు ముందే ఈ పల్లెలు సన్నద్ధమగును. శరదృతువు ముగియుచుండగనే ఇంటి చుట్టును పలకలు కట్టి కిటికీలను, గోడలను కాపాడుకొందురు. చెట్ల కొమ్మలు విఱుగకుండ త్రాళ్లతో బిగింతురు. ముల్లంగి, క్యాబేజీ మున్నగు కూరలను నిలువ చేసికొందురు. వంగిన కఱ్ఱతో చేసిన ‘కంజికి’ అను చట్రములను పాదరక్షల క్రింద కట్టుకొనుటకు సిద్ధపఱచుకొందురు. అవి లేక మంచుపై అడుగిడినచో మనుష్యుడు నడుము వఱకు దిగబడిపోవును.

వీనికి తోడు పల్లెలలో మఱియొక కట్టుబాటుండెను. యంత్రములు రాకముందు ప్రతి ఉదయమును ఎవరో ఒకరు అందరికంటె ముందు లేచి, కంజికి కట్టుకొని, రాత్రి పడిన మంచును త్రొక్కి బాట వేయవలెను. ఆ బాటమీదనే పిల్లలు బడికి పోవలెను. తపాలా బంట్రోతు రావలెను. రోగికి వైద్యుని తోడితేవలెను. ఈ పని ఇంటింటికి వంతులవారీగ వచ్చుచుండెను. ధనికుడైనను, పేదయైనను వంతు తప్పించుకొనుట లేదు.

1963వ సంవత్సరము జనవరి మాసమున ఈ తీరమంతటను మిక్కిలిగ మంచు కురిసెను. జపానువారు నేటికిని దానిని ‘ముప్పది యెనిమిదవ సంవత్సరపు మంచు’ అని చెప్పుకొందురు. ఆనాటి చక్రవర్తి పాలనలో అది ముప్పది యెనిమిదవ యేడు. రైళ్లు నిలిచిపోయినవి. జనవరి 23వ తేదీన నీగాటాలో బయలుదేరి ఆ రాత్రికే టోక్యో చేరవలసిన ఒక రైలు 28వ తేదీ ఉదయమునకు గాని చేరలేదు. ఆ శీతకాలమున 228 మంది మరణించిరి. ఆనాడు కొండపల్లెలలోని ఎన్నియో ఇండ్ల అనుభవమును ఒక ఇంటి కథగా చెప్పుకొనవచ్చును.

ఆ యింట ముగ్గురుండిరి: నాయనమ్మ, తల్లి, పదుమూడేండ్ల బాలుడు. తండ్రి టోక్యోలో నుండెను. మంచు దినములలో పొలము పని లేకుండుటచేత ఆ సీమలోని పురుషులు అనేకులు నగరములకు పోయి కూలి చేయుట పరిపాటి. 1964లో జరుగనున్న ఒలింపిక్ క్రీడల కొఱకు టోక్యోలో రోడ్లును భవనములును కట్టుచుండిరి. తండ్రి ఆ పనులలో కుదురుకొనెను. కావున ఊరిలో త్రవ్వవలసిన చేతులు ఆడువారివి, వృద్ధులవి, పిల్లలవి.

మూడు రాత్రులు ఎడతెఱపి లేక మంచు కురిసెను. నాల్గవనాడు బాలుడు మేల్కొనునప్పటికి గది చీకటిగ నుండెను. ఇంకను తెల్లవాఱలేదని అతడు తలచెను. కాని గడియారము ఏడు గంటలు చూపుచుండెను. వెలుతురు వచ్చు కిటికీలన్నియు మంచులో మునిగియుండెను. వెలుపల నుండి ఒక్క చప్పుడైనను వినబడుటలేదు.

అతడు లేచి పడకగదికిని నడిమింటికిని నడుమనున్న ప్రక్కకు జరుపు తలుపును లాగెను. అది కదలలేదు. రెండు చేతులతో లాగెను. జేనెడు మాత్రము జరిగి నిలిచిపోయెను.

“నాయనమ్మా, తలుపు బిగిసికొనిపోయినది” అని బాలుడు కేక వేసెను.

నాయనమ్మ నిప్పుగూడు వద్దనుండి లేచి వచ్చి తలుపు పైపట్టెపై అరచేయి మోపెను. ఆమె ముఖము గంభీరమయ్యెను. “తలుపు బిగియలేదు నాయనా, దూలము వంగుచున్నది. కప్పు మనకు చెప్పుచున్న మాట ఇది. అమ్మాయీ, అన్నము తరువాత తినవచ్చును. ముందు పైకి ఎక్కవలెను” అని కోడలితో చెప్పెను.

వాకిలి తెఱచుకొనలేదు. తల్లియు కుమారుడును మిద్దెగది కిటికీ పలకలను ఊడదీసి, ఎదుటి మంచును చేతులతో త్రోసి, సొరంగము వంటి దారిని చేసికొని వెలికి వచ్చిరి. ఊరు కనబడలేదు. తెల్లని గుట్టలు మాత్రము అక్కడక్కడ నుండెను. ఒక్కొక్క గుట్ట ఒక్కొక్క యిల్లు.

నాయనమ్మ కిటికీ వద్ద కూర్చుండి పని చెప్పుచుండెను. ఆమె కాళ్లకు శక్తి లేదు గాని, అఱువది శీతకాలముల అనుభవము ఆమె నోట నుండెను. “త్రాడు నడుమునకు కట్టుకొని రెండవ కొన స్తంభమునకు బిగింపుడు. ఒకరు పైన త్రవ్వుచుండగ రెండవవారు చూరు క్రింద నిలువరాదు. మంచును ఇటుకలవలె కోసి దూరముగ విసరవలెను. ఒకే ప్రక్క త్రవ్వుచు పోరాదు. ఒక ప్రక్క తేలికయై రెండవ ప్రక్క బరువైనచో ఇల్లు ఒరిగిపోవును. గడ్డి కనబడునంతవఱకు గీకవలదు, జానెడు మంచు విడువుడు, లేనిచో కాలు జాఱును” అని ఆమె చెప్పెను.

బాలుడు కొసుకితో మంచును కోసెను. మొదట పది పారలు తేలికగ సాగినవి. నూఱవ పారకు చేతులు మండినవి. పైపొర దూదివలె నుండెను. మోచేయి లోతున తడియిసుకవలె నుండెను. అంతకు క్రింద మట్టిగోడను త్రవ్వుచున్నట్లుండెను. మధ్యాహ్నమునకు కప్పు సగము తేలికయయ్యెను. అప్పుడు లోపలినుండి నాయనమ్మ స్వరము వినబడెను: “తలుపు జరిగినది!”

తల్లి పార ఆనుకొని ఊపిరి పీల్చుకొనెను. పడమట ఆకసమున నల్లని మబ్బు మరల క్రమ్ముకొనుచుండెను. “సాయంకాలమునకు ముందే తక్కిన సగము కూడ త్రవ్వవలెను” అని ఆమె అనెను. బాలుడు మాత్రము ఊరి నడుమనున్న చదునైన మంచువైపు చూచుచు నిలిచెను.

“అమ్మా, ఈ దినము బాట ఎవరును త్రొక్కలేదు” అని అతడు చెప్పెను.

“ఈ మంచులో బడి ఎక్కడిది? ఎవరు త్రొక్కుదురు?” అని తల్లి అనెను.

“వంతు ఎవరిది?” అని కిటికీలోనుండి నాయనమ్మ అడిగెను.

బాలుడు వ్రేళ్లపై లెక్కించెను. అతని ముఖము పాలిపోయెను. “ఆ చివరి యింటి తాతది” అనెను.

చివరి యింటి తాత ఒంటరివాడు. భార్య గతించి కొన్ని ఏండ్లయ్యెను. కుమారుడు దూరదేశమున నుండెను. ఆ ముసలివాడు ఎన్నడును తన వంతు తప్పినవాడు కాడు. మంచు మిక్కిలిగ పడిన దినములలో అందరికంటె ముందే లేచి త్రొక్కువాడు. ఆ యింటి గుట్టపై ఈ ఉదయము ఒక్క పారగుర్తియైనను లేదు. పొగ వెడలు కంతయు తెల్లగ మూసికొని యుండెను.

తల్లి తన యింటి కప్పువైపు చూచెను. పడమటి మబ్బువైపు చూచెను. సగము త్రవ్విన కప్పుపై రాత్రికి మరల రెండడుగుల మంచు పడినచో ఏమగునో ఆమెకు తెలియును. పదుమూడేండ్ల బిడ్డ చేతులలో ఎంత శక్తి మిగిలినదో అదియు తెలియును. ఆమె నోట మాట వెడలలేదు.

నాయనమ్మ మెల్లగ చెప్పెను: “అమ్మాయీ, మన తలుపు ఇప్పుడు కదలుచున్నది. ఒక పూట ఆగును. అతని తలుపు మాట మనకు తెలియదు.”

తల్లి మఱి మాటాడలేదు. పారను భుజమున వేసికొని క్రిందికి దిగెను. ఇద్దరును కంజికి కట్టుకొని బయలుదేరిరి. దారిలోనున్న ఇండ్ల కప్పులపై త్రవ్వుచున్నవారిని బాలుడు కేక వేసి పిలిచెను. మొదటి యింటిలో ఒక స్త్రీ, రెండవ యింటిలో ఒక వృద్ధుడు, అతని మనుమరాలు పనిని విడిచి వచ్చిరి. ఒక్కరును తమ కప్పు సగములో నున్నదని చెప్పలేదు. అందరి కప్పులును సగములోనే యుండెను.

తాత యింటి వద్ద మొదట కప్పు జోలికి పోలేదు. గాలి పోవుటకు దారి చేయవలెను. కిటికీ ఉండదగిన చోటును ఊహించి బావివలె త్రవ్విరి. పారకు పలక తగిలెను. పలకను ఊడదీయగనే బొగ్గుపొగ వాసన గుప్పున వచ్చెను. బాలుడు తల లోపలికి పెట్టి “తాతా! తాతా!” అని పిలిచెను. కొంతసేపటికి చీకటిలోనుండి ఒక దగ్గు వినబడెను.

తాత నడుము పట్టుకొని గోడకు ఆనుకొని యుండెను. ముందునాడు ఒంటరిగ కప్పెక్కబోయి నిచ్చెనపై నుండి జాఱి పడెను. ప్రాకుచు లోనికి చేరెను గాని మరల లేవలేకపోయెను. రాత్రి చలికి బొగ్గు రాజేసికొనెను. పొగ పోవు కంత మూసికొనిపోవుటచేత ప్రొద్దున నుండి తల తిరుగుచుండెను. తలుపులన్నియు బిగిసికొని కదలలేదు. మఱికొంతసేపు గడచినచో ఏమి జరిగియుండెడిదో చెప్పనక్కఱలేదు.

అతనిని కిటికీ వద్దకు చేర్చి చల్లని గాలి తగులనిచ్చిరి. తేఱుకొన్న వెంటనే తాత మొదట పలికిన మాట ఇది: “ఈనాడు బాట నా వంతు. పిల్లలకు దారి లేకపోయెను గదా!”

ఐదుగురు కలిసి తాత యింటి కప్పు నెక్కిరి. ఒక్కరు ఒక దినమంతయు చేయవలసిన పని ఐదుగురి చేతులలో రెండు గంటలలో ముగిసెను. అటుపై ఆ ఐదుగురు విడిపోలేదు. మంచు మరల రాల నారంభించెను. లాంతరులు పట్టుకొని ఒక్కొక్క కప్పే ఎక్కుచు పోయిరి. దారిలో మఱి ఇద్దరు చేరిరి. బాలుని యింటి కప్పు కడపటిది. అది ముగియునప్పటికి రాత్రి చాల ప్రొద్దుపోయెను. నాయనమ్మ అందరికి వేడి గంజి పోసెను. తాతను ఆ రాత్రి ఆ యింటనే పరుండబెట్టిరి. పరుండబోవుచు బాలుడు ఆ తలుపును మఱియొకసారి జరిపి చూచెను. అది ఒక్క వ్రేలితో జరిగిపోయెను.

మఱునాడు వేకువన, ఇంకను నక్షత్రములుండగనే, బాలుడు కంజికి కట్టుకొని బయలుదేరెను. ఆ దినము అతని యింటి వంతు కాదు. తాత వంతు బాకీగ నుండెను. దానిని తీర్చుటకు అతడు పోయెను.

1963 తరువాత ఆ సీమలో మార్పులు పెక్కు వచ్చినవి. మంచు మిక్కిలిగ పడు ప్రదేశముల కొఱకు జపాను ప్రభుత్వము అంతకు ముందటి యేడు, అనగా 1962లో, ప్రత్యేక చట్టము చేసియుండెను. ఆ దేశ భూభాగములో సుమారు సగము ఆ చట్టము క్రిందికి వచ్చినది. రోడ్లపై మంచును త్రోయు యంత్రములు వచ్చినవి. నగవోకా పట్టణమున రోడ్డు నడుమ గొట్టములు పాతి, వెచ్చగనుండు భూగర్భజలమును చిమ్మి మంచును కరగించు పద్ధతి వ్యాపించినది. కొన్ని ఊళ్లలో వీధుల వెంట మూతలు గల కాలువలను నిర్మించిరి. ఇంటివారు మూత తెఱచి మంచును అందు వేయగ ప్రవాహము దానిని నదికి కొనిపోవును. అందరును ఒక్కసారి వేసినచో కాలువ మూసికొని నీరు ఇండ్లలోనికి వచ్చును. కావున దానికిని వంతులు కలవు. యంత్రము వచ్చినను వంతు పోలేదు. క్రొత్తగ కట్టు ఇండ్లలో మంచు తానై జాఱిపోవు వాలు కప్పులు, మంచును భరింపగల గట్టి కప్పులు, లోపల వేడిచేసి కరగించు కప్పులు అమర్చుచున్నారు.

కాని ఒక కొఱత ఏ యంత్రమును తీర్చలేకపోయినది. పల్లెలలోని యువకులు చదువులకును ఉద్యోగములకును నగరములకు పోయిరి. వృద్ధులు మిగిలిరి. 2005 డిసెంబరు నుండి 2006 మార్చి వఱకు మరల భయంకరమైన మంచు పడెను. ఆ శీతకాలమున జపానులో 152 మంది మరణించిరి. వారిలో అధిక సంఖ్యాకులు వృద్ధులు. పెక్కుమంది మంచును త్రవ్వు పనిలోనే ప్రాణములు కోలుపోయిరి. కొందరు కప్పుపై నుండి జాఱిపడిరి. కొందరిపై చూరునుండి మంచు విఱిగిపడెను. ఒంటరిగ పనిచేయుచుండినవారు పడిపోయినపుడు కేక వినువారు కూడ లేకపోయిరి. అందువలననే నేడు అచట జాగ్రత్తలు చెప్పువారు త్రాడు, శిరస్త్రాణము, బిగించి కట్టిన నిచ్చెన అను వానితో పాటు ‘ఒంటరిగ ఎక్కరాదు’ అను నియమమును తప్పక చెప్పుదురు. నగరముల నుండి విద్యార్థులును, ఉద్యోగులును సెలవు దినములలో వచ్చి, పల్లెవృద్ధుల వద్ద పార పట్టుట నేర్చుకొని, వారి యిండ్లను త్రవ్వి పోవుచున్నారు.

ఆ సీమవారు మంచును శత్రువుగ మాత్రము చూడరు. వసంతమున కొండలపై కరగిన మంచునీరే వారి వరిపొలములకు ఆధారము. ఉవొనుమా ప్రాంతపు బియ్యము జపాను దేశమంతట పేరు పొందినది. మంచు క్రింద నిలువ యుంచిన కారటు దుంపలు తియ్యగ నుండును. ఫాల్గుణ మాసపు ఎండలో మంచుపై పఱచి తెలుపు చేసిన నారబట్టలు బొకుషీ కాలము నుండియు ప్రసిద్ధములు. 2009లో ఆ నేతకళను యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముల జాబితాలో చేర్చినది. నాలుగు మాసములు నెత్తిపై బరువైనదే తక్కిన మాసములలో అన్నమును వస్త్రమును ఇచ్చుచున్నది.

ఆ పల్లెలలో వసంతము వచ్చి మంచు తొలగిపోయినపుడు అక్కడక్కడ కూలిన యిండ్లు బయటపడును. అవి చాలవఱకు మనుష్యులు లేక విడువబడిన యిండ్లు. వాని దూలములు ప్రక్కయింటి దూలముల కంటె సన్ననివి కావు; వానిపై పడిన మంచు ప్రక్కయింటి మంచు కంటె అధికము కాదు. వానికి త్రవ్వువారు లేరు, అంతియే భేదము.